భద్రవాళ్ళమ్మ

భద్రవాళ్ళమ్మ పోయిందని మా తమ్ముడు ఆదోని నుంచి ఫోన్ చేశాడు. పొద్దున్నే అంగడి తెరుద్దామని లేచి, స్టవ్ వెలిగించి, స్టూలు మీద కూర్చుని, కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయిందట. "వీధి వీధంతా వచ్చినారక్కా. అందరూ పాపం, పాపం అంటాండారు" అన్నాడు.

బతికుండగా ఆ మాట ఆమె ముందు అనగలిగినవాళ్ళు లేరు. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ఆమె కూతుర్ని చూసి నోరు జారి "అయ్యో పాపం" అంటే, కొంగు లాగి బొడ్లో దోపుకొని వాళ్ళ ముందుకొచ్చి నిలబడేది. "ఎవురు జేసినారమ్మా పాపం? నేనా, నా బిడ్డా? సెప్పిపో" అనేది. గొంతు పెంచేది కాదు. "ఏదో మాటవరసకు అంటిమిలే" అని అవతలివాళ్ళు సర్దుకునేదాకా దారి వదిలేది కాదు.

ఆమెకు పేరు లేక కాదు. ఆదోనిలో ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. భద్ర తల్లి కాబట్టి భద్రవాళ్ళమ్మ. నేను అక్కా అనేదాన్ని. ఆమె మా అమ్మను వదినా అనేది, బడిలో చదువు చెప్పే మా నాన్నను అయ్యవారూ అనేది. "నీకు పేరు లేదా అక్కా?" అని ఒకసారి అడిగాను. "యాల లేదు? పెండ్లిపత్రికలో రాసినారు. మల్లా దాంతో పని పడల్యా" అని నవ్వింది. నవ్విందంటే వీధి చివరున్న కిళ్ళీ అంగడిదాకా వినిపించాల్సిందే.

ఆమెది కౌతాళం దగ్గర కాలవ కింది పల్లె. మాటల్లో కన్నడం దొర్లేది. వద్దు అనాల్సిన చోట "బ్యాడ" అనేది. ఆ మాట అనేటప్పుడు కుడిచెయ్యి ముందుకు చాచి, ఎదురుగా వచ్చే లారీని ఆపుతున్నట్టు అరచెయ్యి నిలువుగా పెట్టేది. మాట కంటే ముందు ఆ చెయ్యే వచ్చేది.

డెబ్బైల చివర్లో ఆమె మొగుడికి పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు పని దొరికింది. అప్పుడే మా ఎదురింట్లోకి అద్దెకు దిగారు. అతనిది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. చాలా మెతక మనిషి. ఒకరేం చెప్పినా తలూపేవాడు, దానికి ఎదురు ఇంకొకరు చెప్పినా తలూపేవాడు. ఆమె ఇంటి ముందు వసారాలో ఉగ్గాని అంగడి పెట్టింది. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు వేసి, పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలతో పెట్టేది. పొద్దున్నే మార్కెట్టుకు పోయే హమాలీలంతా ఆ వసారా ముందే నిలబడి తిని పోయేవాళ్ళు.

వచ్చేటప్పటికి భద్ర చంకలో బిడ్డ. తుంగభద్ర కాలవ గట్టునున్న ఇంట్లో పుట్టిందని ఆ పేరు పెట్టారు. పెద్దదవుతున్నా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. చెవుడేమో అనుకుంటే, ఎక్కడో రోకటిపోటు వినపడగానే రెండు చెవులూ మూసుకుని కుంగిపోయేది. సంతోషమొస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడించేది. తల్లి చేసే ఉగ్గాని ముట్టేది కాదు. పొడి బొరుగులు పళ్ళెంలో వరసగా పేర్చుకొని, ఒక్కొక్కటీ ఏరుకొని తినేది. చెయ్యి పట్టుకుంటే నిప్పు తగిలినట్టు అరిచేది. అందుకని తల్లి తన కొంగు చివర దాని చేతికిచ్చేది. ఆమె చీరలన్నీ ఒక మూల నలిగి తాడులా అయిపోయి ఉండేవి.

అలా కొంగు చివర బిడ్డను పెట్టుకొని బజారుకు పోయేటప్పుడు ఆమె వీధి మధ్యలో నడిచేది. సైకిళ్ళవాళ్ళు గంట కొట్టినా పక్కకు జరిగేది కాదు. "అంచున నడవరాదా అక్కా?" అంటే, "అంచున నడిస్తే దాసిపెట్టుకొని పోతాండట్లుంటాది" అంది.

ఇప్పుడైతే భద్రలాంటి పిల్లలకు డాక్టర్లు చెప్పే పేరొకటుంది. అప్పట్లో మా వీధికి తెలిసిన పేర్లు గాలి, దిష్టి, శాపం. వాటన్నిటికీ మందులుండేవి.

"మొదట్లో నేనూ తిరిగినా పాపా" అని ఒక మధ్యాహ్నం బొరుగులు చెరుగుతూ చెప్పింది. "తాయెత్తులు కట్టిస్తి. దర్గాలో నెమలీకల కట్టతో తుడిపిస్తి. ఒగ పల్లెలో ఒగడు, దయ్యం దిగాలంటే కొట్టల్ల అని యాపమండ ఎత్తినాడు. ఒగ దెబ్బ పడింది. బిడ్డ ఏడ్సల్యా. నా దిక్కు సూసింది. పుట్టినాక అది నా కండ్లల్లోకి సూసింది అదే మొదులు. ఇంగ నాకు ఒళ్ళు తెలీల్యా. వాని సేతిలో మండ గుంజుకొని వాన్నే వాయించినా. దిగిందా నీ దయ్యం అంటి. ఆ పొద్దుట్నుంచి యాడికీ తీస్కపోల్యా."

చెరగడం ఆపి, "ఎందుకు కొట్టిస్తివే అని అడిగేకి దానికి నోరు ల్యా. అందుకే నన్ను నేనే అడుగుకుంటాంటా" అని మళ్ళీ చాట ఎత్తుకుంది.

మా వీధిలో మొదటి టీవీ మా ఇంట్లోకే వచ్చింది. ఎనభైలు సగానికొచ్చాయి. నేను డిగ్రీ చదువుతున్నాను. నలుపు తెలుపు పెట్టె, ముందు చెక్క తలుపులు, మిద్దె మీద వెదురుబొంగుకు కట్టిన యాంటెనా. గాలి కొడితే తమ్ముడు మిద్దెక్కి దాన్ని తిప్పేవాడు, కింద నుంచి మేం "వచ్చె, వచ్చె, పాయె" అని అరిచేవాళ్ళం. ఆదివారం సాయంత్రం సినిమాకు వీధంతా మా హాల్లో కూర్చునేది.

మొదటి ఆదివారమే భద్ర వచ్చింది. అప్పటికి ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల. కొంగు వదిలేసి నేరుగా వెళ్ళి పెట్టెకు ముక్కు ఆనించి నిలబడింది. వెనకనుంచి "ఏయ్, జరుగు, జరుగు" అని కేకలు. భద్రవాళ్ళమ్మ గుమ్మంలోనుంచి, "అది మన మాట వినదు గానీ, మీరు రోంత పక్కకు కూకోండి, మీకు గూడా కనపడతాది" అంది. చివరికి మా నాన్న పెట్టె ముందు ఒక పక్కగా చిన్న పీట వేయించి భద్రను కూర్చోబెట్టాడు. ఆ పిల్ల అంతసేపు ఒకచోట కూర్చోవడం మేమెవరమూ అంతకు ముందు చూడలేదు.

ఆ తర్వాత రోజూ వచ్చేది. ప్రసారం మొదలవకముందే వచ్చి, బొమ్మ లేని తెర మీద గరగరలాడే చుక్కల్ని చూస్తూ కూర్చునేది. వీధి ఆడవాళ్ళు ఆశ్చర్యపోయి, "ఎంత కుదురుగా ఉందో సూడు. ఇంగ నీ కష్టం తీరె. దాన్నట్లే ఇడ్సిపెట్టు" అన్నారు. భద్రవాళ్ళమ్మకు కూడా సంతోషమే. ఒకరోజు నూనె రాసి నున్నగా దువ్వి, మల్లెపూలు పెట్టుకొని మా ఇంటికొచ్చింది. మా అమ్మతో, "వదినా, శానా ఏండ్లకు నా తల నేను నిదానంగా దువ్వుకొన్యా. ఈ పెట్టె సల్లగుండ" అంది.

కానీ కొన్ని నెలలకు భద్ర పొడి బొరుగులు కూడా తినడం మానేసింది. కూర్చున్నచోటే పావడా తడుపుకునేది. టీవీ ఆపితే గోడకేసి తల కొట్టుకునేది. బయటికి పోయేటప్పుడు తల్లి కొంగు అందించినా పట్టుకునేది కాదు.

ఒక సాయంత్రం బజ్జీల బాండలి ఒరిగి కాగే నూనె భద్రవాళ్ళమ్మ ముంజేతి మీద పడింది. పెద్దగా అరుస్తూ మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. మా అమ్మ చల్లటినీళ్ళ బిందె తెచ్చేలోపు నొప్పికి నిలవలేక హాల్లోనే కూలబడింది, టీవీకీ భద్రకూ మధ్యలో. చెయ్యి పట్టుకొని ఏడుస్తోంది. తెరకు అడ్డం వచ్చిన తల్లిని తప్పించుకోవడానికి భద్ర మెడ పక్కకు వంచి, అలాగే టీవీ చూస్తూ ఉంది.

భద్రవాళ్ళమ్మ ఏడుపు ఆగిపోయింది. మా అమ్మ నీళ్ళు పోస్తుంటే చేతివైపు కూడా చూడలేదు, కూతుర్నే చూసింది.

మర్నాడు చేతికి గుడ్డ కట్టుకొని వచ్చి, పెట్టె ముందుకు పోబోతున్న భద్రకు అడ్డంగా చెయ్యి చాచింది. "బ్యాడ" అంది.

ఆ రోజు సంగతి చెప్పడం కష్టం. భద్ర మా గుమ్మానికి నుదురు కొట్టుకుంది, నెత్తురొచ్చింది. వీధి జనం గుమిగూడారు. "బిడ్డను సంపుతావా? ఏం తల్లివే నువ్వు" అని ఒకామె, "నీకు పట్టింది దయ్యం" అని ఇంకొకామె. మొగుడు ఫ్యాక్టరీనుంచి వచ్చి, "సూడనీయే, పోనీ" అని బతిమాలాడు. చివరికి ఆమే చెయ్యి దించింది. భద్ర నుదుటి మీద పసుపు అద్ది, పీట మీద కూర్చోబెట్టి టీవీ పెట్టించింది.

వీధంతా ఆమె ఓడిపోయిందనుకుంది. ఆమె మాత్రం ఆ మరుసటి రోజునుంచి అంగడి తొందరగా కట్టేసి, కూతురి పక్కన నేల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. "టీవీ సూసేకి వచ్చినావా అక్కా?" అంటే, "నేను టీవీని సూడను. టీవీని సూసేదాన్ని సూస్తా" అంది.

అలా చూస్తూ ఒకటి కనిపెట్టింది. వార్తలు చదివే ఆమె చివర్లో కాగితాలు సర్దుకొని, చేతులు జోడించి "నమస్కార్" అంటుంది కదా, అప్పుడు భద్ర కూడా చేతులు జోడిస్తోంది. రోజూ జోడిస్తోంది. మాలో ఒక్కరమూ దాన్ని పట్టించుకోలేదు.

"మనుసులకు పెట్టని దండం పెట్టెకు పెడతాంది సూడు" అని మొదట ఉడుక్కుంది. ఆ తర్వాత ఆ దండాన్నే పట్టుకుంది. వార్తలామె నమస్కార్ అనగానే తనూ చేతులు జోడించి, "ఆయమ్మ ఇంటికి పోతాంది. మనమూ పోదాం. నువ్వే ఆపు" అని భద్ర వేలిని బొత్తం మీద పెట్టించేది. మొదట్లో భద్ర ఆపి, వెంటనే మళ్ళీ వేసేది. మళ్ళీ ఆపించేది. ఏడుపు, కేకలు, కొంగు చివర, ఇల్లు. మర్నాడు మళ్ళీ ఇదే. నెలన్నా పట్టిందేమో, ఒక సాయంత్రం భద్ర తనంతట తానే దండం పెట్టి, బొత్తం తిప్పి, లేచి నిలబడి తల్లి కొంగు కోసం చెయ్యి చాపింది.

చిక్కేమిటంటే, ఆదివారం సినిమాకు సరిగ్గా నడిమధ్యలో వార్తలు వచ్చేవి. సగం సినిమా అయ్యాక వార్తలు, నమస్కార్, భద్ర లేచి టీవీ ఆపేయడం. హీరోయిన్ను విలన్ ఎత్తుకుపోయిన చోట వీధంతా నోరు తెరుచుకొని కూర్చుండిపోయేది. ఆ పిల్ల వెళ్ళగానే మళ్ళీ వేద్దామంటే, ఎదురింట్లోంచే వినేసి పరుగెత్తుకొచ్చేది. దాని చెవులు అలాంటివి.

మా అమ్మకు విసుగొచ్చింది. "మా ఇంట్లో మేం టీవీ సూసుకునేకి మీ పిల్లను అడగల్లనా?" అంది ఒక ఆదివారం, అందరి ముందూ.

భద్రవాళ్ళమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. "ఇల్లు మీదే వదినా. పెట్టె మీదే. బిడ్డ మాత్రం వీధిదే. దీన్ని సూసి ఇన్నేండ్లు వీధి వీధంతా పాపమనె, శాపమనె. అనేకి అందరిదీ, సాకేకి నా ఒగదాందేనా? రోంత మీరూ సాకండి."

మా నాన్న గొంతు సవరించుకొని, "సప్పుడు ల్యాకుండా పెట్టుకుంటే ఆ పిల్లకు వినపడదు గదా" అన్నాడు.

ఆ విధంగా మా వీధి చాలాకాలం ప్రతి సినిమాలో రెండో సగం చప్పుడు లేకుండా చూసింది. కిటికీలు మూసుకొని, గొంతు పూర్తిగా తగ్గించి. అసలే హిందీ, చాలామందికి సగమే అర్థమయ్యేది. ఇక మాటలు మేమే చెప్పుకునేవాళ్ళం. మా తమ్ముడు విలన్‌కి చెప్పేవాడు. హీరో తల్లి ఏడుస్తుంటే మా అమ్మ గుసగుసగా, "నా కొడుకా, ఇన్నేండ్లు యాడ పోయింటివిరా" అనేది. నవ్వు ఆపుకోలేక అందరం నోట్లో కొంగులు కుక్కుకునేవాళ్ళం. మొదట సణిగినవాళ్ళే తర్వాత తమ వంతు కోసం పోటీ పడ్డారు.

భద్రకు మొదటి మాట కూడా ఆ పెట్టెలోంచే వచ్చింది. ఒక పొద్దున అంగట్లో బజ్జీల పళ్ళెం జారి దుమ్ములో పడింది. గోడవారగా కూర్చున్న భద్ర, ప్రసారం ఆగిపోయినప్పుడు టీవీలో వేసే మాటను అచ్చం అదే గొంతుతో, "రుకావట్ కేలియే ఖేద్ హై" అంది. అంతరాయానికి చింతిస్తున్నాం అని.

హమాలీలు కొయ్యబారిపోయారు. భద్రవాళ్ళమ్మ నేల మీద చతికిలబడి, నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. "తెలుగు రాకనే హిందీ వచ్చెనా?" అని ఎవరో అంటే, "ఏ బాసైతే నీకేం? మాట నోట్లోంచి వచ్చింది గదా" అని కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు బజ్జీలు పడిపోయినందుకు ఆమె అందరికీ తీపి పెట్టింది.

ఇదంతా ఒక దారికొస్తున్నదనగా, కౌతాళం వైపు పల్లెలో వాళ్ళ నాయనకు జబ్బు చేసింది. భద్రను మొగుడికి అప్పగించి చూడడానికి పోయింది. తిరిగొచ్చేసరికి ఇంట్లో భద్ర లేదు.

"మాయమ్మ వచ్చినాది. తీస్కపోయింది. ఆడ కుదురుగా ఉంటాది అనె" అన్నాడు మొగుడు నేల చూస్తూ.

"నువ్వేమంటివి?"

వాళ్ళమ్మ మాటకు కూడా అతను తలూపి ఉంటాడు.

ఆమె నేరుగా మా గుమ్మంలోకి వచ్చి, సెలవులకు ఇంట్లోనే ఉన్న నన్ను చూసి, "పాపా, నా జతకు రా. ఎమ్మిగనూరుకు పోయొద్దాం" అంది. బస్సులో కొంగు చివర గుప్పిట్లో పట్టుకొని కూర్చుంది.

ఎమ్మిగనూరు ఇంట్లో ముందంతా మగ్గాలు. ఆ చప్పుడు దాటి వెనక్కి వెళ్తే చీకటి గది. ఆమె మరిది టీవీ, వీసీఆర్ అద్దెకిచ్చే వ్యాపారం మొదలుపెట్టాడు. అద్దెకు పోని పెట్టెలు ఆ గదిలో ఉండేవి. వాటిలో ఒకటి నడుస్తోంది. రంగుల బొమ్మ. దాని ముందు భద్ర, తల దువ్వక అట్టలు కట్టి, మాసిన పావడాతో. పక్కన పళ్ళెంలో అన్నం ఎండిపోయి ఉంది. గదంతా ఉచ్చకంపు.

అత్త చెడ్డ మనిషి కాదు. కోడలికి మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగానే చెప్పింది. "వచ్చినప్పట్నుంచి ఏడ్సల్యా. తలకాయ కొట్టుకోల్యా. నీతో కానిది ఈ పెట్టె సేసింది. ఇది ఈడ ఉండనీ మే. నువ్వు పోయి ఇంగోగ బిడ్డను కను. నువ్వు గూడా మనిషివే గదా, రోంత సుకపడు."

భద్రవాళ్ళమ్మ గుమ్మానికి ఒరిగి నిలబడింది. అంత అలసిన ముఖం నేను మళ్ళీ చూడలేదు. ఒప్పేసుకుంటుందేమో అనిపించింది. ఒప్పుకుంటే తప్పు పట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"భద్రా" అని పిలిచింది. పిల్ల తిరగలేదు. సినిమా అయిపోయింది. మరిది వచ్చి క్యాసెట్ మార్చాడు.

"దీంట్లో వార్తలు రావా?" అంది ఆమె.

"ఇది వీసీఆర్ వదినా. ఒగటైతానే ఇంగోగటి. దీనికి ఆపేదనేది ఉండదు."

"అట్లయితే ఆపేది నేనే" అని ముందుకు పోయి బొత్తం తిప్పేసింది.

భద్ర పెట్టిన కేకకు మగ్గాలు ఆగిపోయాయి. తల్లి మీద పడి రక్కింది, జుట్టు పట్టి లాగింది. ఆమె ఏమీ బుజ్జగించలేదు. అంత పిల్లనూ రెండు చేతులా ఎత్తి భుజానేసుకుంది. అత్త "జనం సూస్తారే, పొద్దు మునగనీ" అని వెంటపడింది. "సూడనీ" అని ఆమె వీధిలోకి నడిచింది.

ఎమ్మిగనూరు బజారు మధ్యలోంచి, పట్టపగలు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ గుక్కపట్టి ఏడ్చే పిల్లను మోసుకొని బస్టాండు దాకా పోయింది. బట్టలంగళ్ళ ముందు జనం లేచి నిలబడ్డారు. పిల్లనెత్తుకుపోయే మనిషి అనుకొని ఇద్దరు ముగ్గురు అడ్డం వచ్చారు. నేను ఏదో చెప్పబోయేలోపే ఆమె, "నా బిడ్డే. ఏడుస్తాంది. ఏడ్సనీ. దోవ ఇడువు" అంది. ప్రతివాడికీ అదే మాట, అదే గొంతుతో. తల వంచుకోలేదు, అడుగు తొందర చెయ్యలేదు.

బస్సులో ఏడుపు ఆగలేదు. ముందు సీట్లో పెద్దాయన, "చెంప మీద రెండు పెట్టమ్మా, అదే ఊరుకుంటాది" అన్నాడు. "నీకు నొప్పొచ్చి మూల్గుతాంటే నేనొచ్చి పెట్టల్లనా పెద్దాయనా?" అంది. కండక్టర్ వచ్చి, జనానికి ఇబ్బందిగా ఉంది, దిగి వెనక బస్సుకు రమ్మన్నాడు.

"నాకొగ టికెట్టు, ఈ పాపకొగటి, నా బిడ్డకొగటి. మూడూ తీసుకొన్యా. ఏడుపుకు గూడా టికెట్టు గావల్లనా? కొట్టియ్యి, తీసుకుంటా."

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టర్ కూడా నవ్వాపుకోలేక ముందుకు పోయాడు.

ఆదోని కొండలు కనబడేసరికి భద్ర ఏడ్చి ఏడ్చి తల్లి చంకలో వాలిపోయింది. అప్పుడు చూశాను, భద్రవాళ్ళమ్మ ముంజేతి మీద, పాత నూనెమచ్చ పైనే, పళ్ళగాట్లు నెత్తురు కక్కి ఉన్నాయి. నేను రుమాలు తీసి కట్టబోతే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండనీ పాపా" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి, ముఖం మాత్రం వెలుగుతోంది. "ఆ పొద్దు సెయ్యి కాలి నేను ఏడుస్తాంటే అడ్డం తొలుగు అన్నట్ల సూసింది. ఈ పొద్దు కోపమొచ్చి కొరికింది. ఎవుర్ని కొరికింది? నన్నే గదా. అంటే నేనొగదాన్ని ఉండానని దానికి తెలుసు."

ఇంటికొచ్చాక మొగుడితో వసారాలో నిలబడే చెప్పింది, వీధికి వినపడేటట్టు. "ఈ బిడ్డ ల్యాకుండా ఈ ఇంట్లో ఇంగోగ బిడ్డ పుట్టదు. పోయి మీయమ్మకు సెప్పిరా." అతను ఈసారి తలూపలేదు. "సెప్తా" అన్నాడు. చెప్పాడు కూడా. ఆ తర్వాత ఫ్యాక్టరీనుంచి రాగానే భద్ర పక్కన కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. మాటలుండేవి కావు. పారేసిన బేరింగులు తెచ్చిచ్చేవాడు, ఇద్దరూ నేల మీద వాటిని తిప్పుతూ గంటలు గడిపేవాళ్ళు.

భద్రను ఏ బడిలోనూ చేర్చుకోలేదు. అంగడే ఆమె బడి అయింది. నానిన బొరుగుల్ని నీళ్ళలోంచి తీసి పిండడం నేర్చుకుంది. చేతికి తడి తగలడం మొదట్లో పడేది కాదు, తర్వాత అదే ఇష్టమైంది. "ఆ పిల్ల సేతిది మాకొద్దు" అని ఒకరిద్దరు ముఖం తిప్పుకున్నారు. "మీకు ఆకలి కాల్యా, పోయి ఆకలైనాక రాండి" అని భద్రవాళ్ళమ్మ వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళకు పొట్లం కట్టింది.

ఎనభైల చివర్లో నాకు కర్నూలులో ఉద్యోగం వచ్చింది. చెప్పి పోదామని వాళ్ళింటికి వెళ్తే, లోపల గోడవారగా కొత్త టీవీ. ఆశ్చర్యపోయాను. "నువ్వే తెచ్చుకున్యావా అక్కా? ఇంత కొట్లాట పెట్టుకొని?"

"ఎన్నాళ్ళని ఒగరింట్లో కూకోబెడుదును? నా ఇంట్లో ఉంటే నా మాట వింటాది."

"ఎవురు, భద్రనా?"

"టీవీ" అని పకపకా నవ్వింది.

వచ్చేముందు, అందరూ ఆమెను అడిగే ప్రశ్న నేనూ అడిగాను. నీ తర్వాత ఈ పిల్లకెవరు అని. ఆమె కోప్పడలేదు. బొరుగులు పిండుతున్న కూతురివైపు కొంచెంసేపు చూసింది. "రాత్రిళ్ళు భయమైతాది పాపా. ల్యాదనను. తెల్లారితే అంగడి తెరవల్ల గదా, మర్సిపోతా" అంది. నాతో ఆమె ఎప్పుడైనా భయమన్న మాట అన్నది అప్పుడొక్కసారే.

ఆ తర్వాత ఆదోనికి నేను చుట్టపుచూపుగానే వెళ్ళాను. మా నాన్న పోయాడు. భద్ర తండ్రి కూడా పోయాడు. అంగడి మాత్రం ఆ తల్లీకూతుళ్ళు ఒక్క పొద్దు మూయలేదు.

ఈసారి నేను పోయేటప్పటికి భద్రవాళ్ళమ్మ కర్మలు అయిపోయాయి. జరిగిందంతా మా తమ్ముడు చెప్పాడు. దినాలు కాగానే ఎమ్మిగనూరు వాళ్ళు కారు తీసుకొని వచ్చారట. మరిది కొడుకులు. భద్రను తీసుకుపోతాం, ఒక గది ఇస్తాం, టీవీ పెట్టిస్తాం, కూర్చొని చూసుకుంటుంది, లోటేమీ ఉండదు అన్నారట. వాళ్ళ మాటల్లో తప్పేమీ కనబడక మా తమ్ముడు కూడా ఏమీ అనలేకపోయాడు.

అప్పుడు మా అమ్మ లేచింది. ఎనభై దాటిన మనిషి, కర్ర లేనిదే అడుగు వేయలేదు. కర్ర పట్టుకొని వీధి దాటి, వాళ్ళ వసారాలో కుర్చీ వేయించుకొని, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"దాన్ని ఎవురన్నా అడిగినారా?" అందట.

అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. భద్ర లోపల పొయ్యి దగ్గర నిలబడి ఉంది. దాదాపు యాభై ఏళ్ళ మనిషి, నెరిసిన జుట్టు. మా అమ్మ వెనక్కి తిరగకుండానే, "భద్రా, వీళ్ళతో పోతావా?" అని అడిగింది.

కారు డ్రైవర్ హారన్ కొట్టాడు. భద్ర చెవులు మూసుకుంది. తర్వాత చేతులు దించి, వాళ్ళవైపు చూడకుండా, "నేను పోను. బొరుగులు నానిండాయి" అంది.

మా అమ్మ కర్ర నేలకు ఆనించి, వచ్చినవాళ్ళకేసి తల ఎత్తింది.

"విన్యారు గదా నాయనా" అందట. "ఉగ్గాని తినేదుంటే ఉండండి. ల్యాకుంటే కారు పక్కకు తీయండి, హమాలీలు వచ్చే పొద్దాయె."